ఇంటిపోరులో తేలే న్యాయమూర్తులు

2005 అక్టోబరు 3, సోమవారం. అమెరికా సుప్రీంకోర్టుకు ఏటా అక్టోబరు మొదటి సోమవారమే కొత్త పని సంవత్సరం మొదలవుతుంది. ప్రధాన న్యాయమూర్తి హోదాలో జాన్ రాబర్ట్స్ తొలిసారి ధర్మాసనం మీద కూర్చునే రోజది. కోర్టు తలుపులు తెరుచుకోకముందే అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ బుష్ వైట్‌హౌస్‌లో కెమెరాల ముందుకొచ్చారు. తప్పుకుంటానని ప్రకటించిన న్యాయమూర్తి శాండ్రా డే ఓకానర్ స్థానంలో తన న్యాయ సలహాదారు హారియెట్ మయర్స్‌ను నియమిస్తున్నట్టు చెప్పారు. మయర్స్‌కు అప్పుడు అరవై ఏళ్లు. టెక్సస్ రాష్ట్ర న్యాయవాదుల సంఘానికి అధ్యక్షురాలైన తొలి మహిళ ఆమె. టెక్సస్ రోజుల నుంచీ బుష్‌కు సొంత లాయరు. జడ్జి కుర్చీలో మాత్రం ఎన్నడూ కూర్చోలేదు.

ఇలాంటి ప్రకటన రాగానే ప్రతిపక్షం విరుచుకుపడటం ఆనవాయితీ. ఈసారి సెనేట్‌లో డెమొక్రాట్ల నాయకుడు హ్యారీ రీడ్ ఆమెను మెచ్చుకున్నారు. ఆ పేరు పరిశీలించమని బుష్‌కు ముందే సూచించిందీ ఆయనే. తూటాలు వెనక నుంచి వచ్చాయి. సంప్రదాయవాదుల ఆస్థాన పత్రిక వీక్లీ స్టాండర్డ్ సంపాదకుడు విలియం క్రిస్టల్ ఆ రోజే పెదవి విరిచారు. కాలమిస్టు జార్జి విల్ ఆమె అర్హతనే ప్రశ్నించారు. బుష్‌కు ప్రసంగాలు రాసిపెట్టిన డేవిడ్ ఫ్రమ్ ఈ ఎంపిక చెల్లదని రోజూ రాశారు. లక్షలమంది వినే రేడియో వ్యాఖ్యాత రష్ లింబా కూడా గొంతు కలిపారు. వీళ్లంతా బుష్‌ను రెండుసార్లు గెలిపించడానికి గొంతు చించుకున్నవాళ్లే.

ఆ తర్వాత ఇరవై నాలుగు రోజుల పాటు సాగిన ఆ తంతు గురించి తెలిస్తే అమెరికాలో జడ్జీల ఎంపిక ఎలా జరుగుతుందో సగం తెలిసినట్టే. సెనేట్‌లో రెండు పార్టీలూ బల్లలు చరుచుకునే దృశ్యాలే మన టీవీల దాకా వస్తాయి. అసలు పరీక్ష అంతకుముందే, సొంత పార్టీ వాకిట్లోనే జరిగిపోతుంది.

బతికున్నంత కాలం పదవి

అక్కడ ఫెడరల్ జడ్జికి పదవీ విరమణ వయసంటూ లేదు. అధ్యక్షుడు పేరు ప్రతిపాదిస్తాడు, వందమంది సెనేటర్లు ఓటేసి ఆమోదిస్తారు. ఆ తర్వాత చచ్చేదాకానో, తనంతట తాను తప్పుకునేదాకానో ఆ కుర్చీ ఆ జడ్జిదే. మన దగ్గర కొలీజియం నాలుగు గోడల మధ్య తేల్చే వ్యవహారం అక్కడ కెమెరాల ముందు నడుస్తుంది. మన పార్లమెంటు ఈ పనికి ఒక కమిషన్ పెడదామని చట్టం చేస్తే 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. రాజకీయ నాయకుల చెయ్యి పడితే ఏమవుతుందో అని మన జడ్జీలు భయపడ్డారు. అమెరికా రాజ్యాంగం ఆ పనిని నేరుగా రాజకీయ నాయకుల చేతిలోనే పెట్టింది. ఏది మేలన్న చర్చ ఇక్కడ అనవసరం. రెండు చోట్లా జనం అడుగుతున్నది ఒకటే: ఈయన ఎవరి మనిషి?

ఆ ప్రశ్నకు జవాబు తప్పుతుందేమోనన్న భయమే మయర్స్ మెడకు చుట్టుకుంది. ఆ భయానికో పేరుంది: డేవిడ్ సూటర్. 1990లో బుష్ తండ్రి, పెద్ద బుష్, ఆయన్ను సుప్రీంకోర్టుకు పంపారు. సెనేట్ 90–9 ఓట్లతో ఆమోదించింది. మనవాడే అనుకుని రిపబ్లికన్లు నిశ్చింతగా ఉన్నారు. రెండేళ్లు తిరక్కుండానే, 1992లో, అబార్షన్ హక్కును నిలబెట్టిన తీర్పు మీద ఓకానర్, కెన్నెడీలతో కలిసి సూటర్ సంతకం పెట్టారు. ఆ ముగ్గురూ రిపబ్లికన్ అధ్యక్షులు నియమించినవాళ్లే. అప్పటి నుంచి ‘ఇంకో సూటర్ వద్దు’ అన్నది ఆ పార్టీలో మంత్రంలా మారింది. 2009లో సూటర్ తప్పుకుంటే ఆ చోటు ఒబామా ఎంపిక చేసిన సొటొమయోర్‌కు దక్కింది. ఆ పార్టీ పుండు మీద అది కారం.

ఇంకో గాయం అంతకన్నా పాతది. 1987లో రేగన్ ప్రతిపాదించిన రాబర్ట్ బోర్క్ సూటర్‌లా మౌని కాడు. ఏ విషయం మీద ఏమనుకుంటున్నాడో వ్యాసాల్లో రాసిపెట్టినవాడు. డెమొక్రాట్లు ఆ రాతల్ని తీసి ఆయన ముందే పెట్టారు. 58–42తో సెనేట్ తిరస్కరించింది. వ్యతిరేకించినవాళ్లలో ఆరుగురు రిపబ్లికన్లు. అంతా రాసినవాడు ఓడిపోయాడు, ఏమీ రాయనివాడు మోసం చేశాడు. మరి ఎలాంటివాడిని పంపాలి? ఈ చిక్కుముడి విప్పే పనిని ఫెడరలిస్ట్ సొసైటీ భుజాన వేసుకుంది. 1982లో కొందరు న్యాయ విద్యార్థులు మొదలుపెట్టిన సంఘం అది. ఎవరి భావాలు ఎటున్నాయో కాలేజీ రోజుల నుంచే గమనిస్తూ, ఒక తరం లాయర్లను, జడ్జీలను అది తయారుచేసుకుంది. రాబర్ట్స్ పేరు వచ్చినప్పుడు ఆ వర్గం పెద్దగా గొడవ చేయలేదంటే కారణం అదే. మయర్స్ ఆ బడిలో చదివిన మనిషి కాదు.

ఇరవై నాలుగు రోజులు

ఆమెను దగ్గరగా చూస్తే జాలేస్తుంది. టెక్సస్ ప్రభుత్వ భాండాగారం నుంచి పాత ఉత్తరాలు బయటపడ్డాయి. గవర్నరుగా ఉన్న బుష్‌కు ఆమె రాసిన పుట్టినరోజు కార్డులు, ఆయన్ను ఆకాశానికెత్తిన చీటీలు పత్రికలకెక్కాయి. వాషింగ్టన్ న్యాయవాదుల సంఘానికి చందా కట్టడం మరిచిపోయినందుకు ఆమె లైసెన్సు కొన్నాళ్లు ఆగిపోయిందన్న సంగతీ తేలింది. సెనేట్ న్యాయ కమిటీ పంపిన ప్రశ్నావళికి ఆమె జవాబులు చప్పగా ఉన్నాయంటూ కమిటీ అధ్యక్షుడు ఆర్లెన్ స్పెక్టర్, డెమొక్రాట్ల తరఫు పెద్ద పాట్రిక్ లీహీ కలిసి తిప్పిపంపారు. మళ్లీ రాయమన్నారు. సుప్రీంకోర్టుకు వెళ్లబోయే మనిషికి హోంవర్కు వెనక్కి రావడమంటే అంతకు మించిన అవమానం ఉండదు. ఆమె మామూలు లాయరు కాదు. డాలస్‌లో పెద్ద సంస్థను నడిపిన మనిషి.

అబార్షన్ మీద ఆమె ఎటువైపో తేల్చుకోవడానికి రెండు కాగితాలు దొరికాయి. 1989లో డాలస్ నగర కౌన్సిల్‌కు పోటీ చేస్తూ, అబార్షన్‌ను నిషేధించే రాజ్యాంగ సవరణకు మద్దతిస్తానని ఒక సంస్థ ప్రశ్నావళిలో రాశారు. అది చూసి మతవాద వర్గం కాస్త మెత్తబడింది. 1993లో మహిళల సభలో ఆమె చేసిన ప్రసంగం ఇంకోలా ఉంది. ఎవరి నిర్ణయం వారికే వదలాలన్న ధోరణి అందులో ధ్వనించింది. అక్టోబరు 26న ఆ ప్రసంగం పత్రికలో వచ్చింది. మరునాడే ఆమె తప్పుకున్నారు.

తప్పుకున్న తీరు ఇంకా చూడాలి. వారం కిందటే, 21న, చార్లెస్ క్రాథమర్ అనే కాలమిస్టు బుష్‌కు ఒక దారి చూపించారు. వైట్‌హౌస్ లోపలి సలహా పత్రాలు కావాలని సెనేటర్లు అడుగుతారు, అవి ఇవ్వడం కుదరదని అధ్యక్షుడంటాడు, ఆ పీటముడి పేరు చెప్పి ఆమె గౌరవంగా వైదొలగవచ్చు. పామూ చావాలి, కర్రా విరగకూడదు. 27న మయర్స్ ఇచ్చిన లేఖలో ఉన్న కారణం సరిగ్గా అదే! ఒక పత్రికా వ్యాఖ్యాత రాసిన నాటకాన్ని వైట్‌హౌస్ పొల్లు పోకుండా ఆడింది. డెమొక్రాట్లు ఓటేసే పనే పడలేదు. విచారణే జరగలేదు.

బుష్‌కు అప్పుడు ఎదురీదే ఓపిక లేదనుకోండి. ఆగస్టు నెలాఖరులో వచ్చిన కత్రినా తుపాను పరువు తీసింది. ఇరాక్ యుద్ధం సాగుతూనే ఉంది. మయర్స్ వైదొలిగిన మరునాడే ఉపాధ్యక్షుడు డిక్ చెయినీ కార్యాలయ అధిపతి లిబీ మీద అభియోగాలు నమోదయ్యాయి. అక్టోబరు 31న శామ్యూల్ అలిటో పేరు వచ్చింది. పదిహేనేళ్లు అప్పీళ్ల కోర్టు జడ్జి. తీర్పుల నిండా సంప్రదాయవాద ముద్ర. అప్పటిదాకా కస్సుమన్న కాలమిస్టులు ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. మరుసటి జనవరిలో 58–42 ఓట్లతో ఆయన నెగ్గారు. మయర్స్ తన పాత గదికి, పాత పనికి వెళ్లిపోయారు.

ఆ మార్పు ఖరీదు పదహారేళ్లకు తేలింది. 2022 జూన్ 24న అబార్షన్ హక్కును కొట్టేసిన డాబ్స్ తీర్పు రాసింది అలిటోయే. ఆ హక్కును 1992లో కాపాడిన ఓకానర్ ఖాళీ చేసిన చోటే ఆయనది. మయర్స్ ఉంటే ఏం రాసేవారో ఎవరికీ తెలియదు. తెలియదన్నదే ఆమె నేరం. ఒక్కమాట చెప్పాలి. జడ్జిగా అనుభవం లేదన్న అభ్యంతరం సబబైనదే కానీ, విమర్శకులకు అసలు బాధ అది కాదు. ఏ అనుభవమూ లేకపోయినా భావాలు పక్కాగా తెలిసిన మనిషైతే ఆ గొంతుల్లో సగం లేచేవి కావు.

స్పెక్టర్, రెంటికీ చెడ్డ రేవడి

ఆ ప్రశ్నావళి తిప్పిపంపిన ఆర్లెన్ స్పెక్టర్ కథ ఈ ఇంటిపోరుకు నిలువెత్తు నమూనా. పెన్సిల్వేనియా రిపబ్లికన్. 1987లో బోర్క్‌ను వ్యతిరేకించిన ఆరుగురిలో ఒకరు. సొంత పార్టీ అది మరిచిపోలేదు. 1991లో సుప్రీంకోర్టు అభ్యర్థి క్లారెన్స్ థామస్‌ను గట్టెక్కించడానికి, ఆయన మీద లైంగిక వేధింపుల ఆరోపణ చేసిన అనీటా హిల్‌ను నిలదీశారు. మహిళలు అది మరిచిపోలేదు. పార్టీ అభ్యర్థిని తేల్చే 2004 ప్రైమరీలో పాట్ టూమీ అనే కరడుగట్టిన సంప్రదాయవాది ఆయన మీద పోటీకి దిగి, పది లక్షలకు పైగా ఓట్లు పోలైన చోట సుమారు 17 వేల తేడాతో ఓడారు. బుష్ అండగా నిలవకపోతే స్పెక్టర్ అప్పుడే ఇంటికెళ్లేవారు. అదే నవంబరులో గెలిచిన మరునాడు, అబార్షన్ హక్కును రద్దుచేస్తామనే జడ్జీలు సెనేట్‌లో నెగ్గడం కష్టమన్నట్టు మాట్లాడారు. అంతే, పార్టీ ఆఫీసుల ఫోన్లు మోగిపోయాయి. కమిటీ అధ్యక్ష పదవి చేజారబోయింది. అధ్యక్షుడి ఎంపికలకు అడ్డుపడనని రాతపూర్వకంగా చెప్పాకే అది దక్కింది. రాబర్ట్స్‌ను, అలిటోను ఆ కమిటీ దాటించింది ఆ హామీతో కూర్చున్న మనిషే.

2009లో టూమీ మళ్లీ వస్తున్నాడని తెలిసి, ప్రైమరీలో గెలవలేనని లెక్క తేలి, ఏప్రిల్‌లో స్పెక్టర్ డెమొక్రాట్లలో చేరిపోయారు. అంతకుముందు నెల, మార్చిలో, సొలిసిటర్ జనరల్ పదవికి ఎలీనా కాగన్‌ను వ్యతిరేకిస్తూ ఓటేసిన ఆయనే మరుసటి ఏడాది ఆమె సుప్రీంకోర్టు నియామకానికి అనుకూలంగా ఓటేశారు. కొత్త పార్టీ ఓటర్లు ఈ గెంతులు చూసి ఊరుకోలేదు. 2010 మే ప్రైమరీలో ఆయన్ను ఓడించారు. ఆ సీటు చివరికి టూమీకే పోయింది. టూమీ కథ మాత్రం సుఖాంతమా? 2021 ఫిబ్రవరిలో సెనేట్‌లో జరిగిన అభిశంసన విచారణలో ట్రంప్‌ను దోషిగా తేల్చాలని ఓటేసిన ఏడుగురు రిపబ్లికన్లలో ఆయనొకరు. సొంత రాష్ట్రంలో పలు కౌంటీల పార్టీ కమిటీలు ఆయన్ను తప్పుబడుతూ తీర్మానాలు చేశాయి. మళ్లీ పోటీ చేయనని ఆయన 2020లోనే ప్రకటించారు. సీటు డెమొక్రాట్ల పరమైంది. పార్టీకి సరిపడా విధేయుడు కాదని ఒకరిని వెళ్లగొట్టినవాడు అదే నిందతో వెళ్లిపోయాడు.

మయర్స్‌ను చీల్చిచెండాడిన కాలమిస్టుల గతీ అలాగే అయింది. జార్జి విల్ 2016లో పార్టీకి రాజీనామా చేశారు. క్రిస్టల్ ట్రంప్ వ్యతిరేకిగా మారారు, వీక్లీ స్టాండర్డ్ 2018లో మూతపడింది. ఫ్రమ్ 2016లో హిల్లరీకి ఓటేశారు. నిజమైన సంప్రదాయవాది ఎవరో సర్టిఫికెట్లు ఇచ్చినవాళ్లకే ఇప్పుడు ఆ పార్టీలో చోటు లేదు.

తిలా పాపం

సెనేట్‌లో చర్చ ముగించి ఓటింగ్‌కు వెళ్లాలంటే 60 మంది కావాలన్న నిబంధన జడ్జీల విషయంలో ఎలా పోయిందో అందరికీ తెలిసిన కథే కనుక క్లుప్తంగా చెబుతాను. 2005 మేలో అది పోబోతుంటే రెండు పార్టీల నుంచీ ఏడుగురేసి, మొత్తం పద్నాలుగు మంది రాజీ కుదిర్చారు. రిపబ్లికన్లలో మెకెయిన్, గ్రాహం వంటివారికి సొంత ఓటర్లు ద్రోహులని పేరు పెట్టారు. 2013లో రీడ్ కింది కోర్టుల వరకు ఆ నిబంధన తీసేశారు. ముగ్గురు డెమొక్రాట్లు వద్దన్నారు. 2016లో జస్టిస్ స్కాలియా చనిపోతే, ఒబామా ప్రతిపాదించిన మెరిక్ గార్లండ్‌కు సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకుడు మెకానెల్ కనీసం విచారణ కూడా జరపనివ్వలేదు. 2017లో సుప్రీంకోర్టుకూ 60 ఓట్ల అవసరం లేకుండా చేసి గోర్సచ్‌ను పంపారు. తిలా పాపం తలా పిడికెడు.

దీని ఫలితం ఒకటి గమనించాలి. 60 ఓట్లు కావాల్సినప్పుడు అవతలి పార్టీలో కొందరిని ఒప్పించక తప్పేది కాదు, కాబట్టి మధ్యేమార్గం మనిషి కావాలి. 51 చాలన్నాక అవతలివాళ్లతో పనే లేదు. ఒప్పించాల్సింది ఇంట్లోవాళ్లనే. 1986లో స్కాలియా 98–0తో, 1993లో గిన్స్‌బర్గ్ 96–3తో నెగ్గారు. 2018లో కవనా 50–48తో బయటపడ్డారు. అప్పుడు దేశమంతా డెమొక్రాట్ల వంక చూడలేదు. సుసాన్ కాలిన్స్, లీసా ముర్కౌస్కీ, జెఫ్ ఫ్లేక్ అనే ముగ్గురు రిపబ్లికన్ల ముఖాల వంక చూసింది. 2020 ఎన్నికలకు వారం ముందు బారెట్‌ను పంపినప్పుడు కాదన్న ఒకే ఒక్క రిపబ్లికన్ కాలిన్స్.

ఈ జడ్జీల వలయంలో మనవాళ్ల పేరూ ఒకటుంది. ఆంధ్ర నుంచి వెళ్లిన తల్లిదండ్రుల కూతురు చిలుకూరి ఉష, ఇప్పుడు ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ భార్య, కవనా అప్పీళ్ల కోర్టులో ఉన్నప్పుడు ఆయన దగ్గర, ఆ తర్వాత ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ దగ్గర లా క్లర్కుగా పనిచేశారు. అక్కడ క్లర్కు అంటే గుమస్తా అనుకునేరు. తీర్పుల చిత్తుప్రతులు రాసే స్థానం అది. ముందు ముందు జడ్జీలయ్యేవాళ్లలో చాలామంది ఆ గుమ్మంలోంచే వస్తారు.

2016లో ట్రంప్ తెలివిగా ఒక పని చేశారు. సుప్రీంకోర్టుకు ఎవరిని పంపుతానో పేర్ల జాబితాను ఎన్నికలకు ముందే ప్రకటించారు. దాని వెనక ఫెడరలిస్ట్ సొసైటీ నాయకుడు లియొనార్డ్ లియో ఉన్నారు. సూటర్ భయానికి అదే మందు. గోర్సచ్, కవనా, బారెట్ వచ్చారు, డాబ్స్ తీర్పు వచ్చింది. కోరిందంతా దొరికాక ఇంట్లో గొడవ ఆగాలి కదా? 2025 మార్చిలో విదేశీ సాయం నిధుల కేసులో బారెట్ ట్రంప్ సర్కారుకు ప్రతికూలంగా ఓటేస్తే, ట్రంప్ అభిమానులు ఆమెను సోషల్ మీడియాలో దుమ్మెత్తిపోశారు. మేలో సుంకాల మీద వాణిజ్య కోర్టు తీర్పు రాగానే ట్రంప్ లియోనే పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టారు, ఆ సొసైటీ తనకు చెడ్డ సలహాలిచ్చిందన్నారు. జులైలో వంతు ఐయోవా సెనేటర్ గ్రాస్లీది. జిల్లా జడ్జీల నియామకానికి ఆయా రాష్ట్రాల సెనేటర్ల సమ్మతి అడిగే పాత ఆచారాన్ని తొంభై ఏళ్లు దాటిన ఆ న్యాయ కమిటీ అధ్యక్షుడు వదులుకోనన్నారు. అదీ నేరమే. మయర్స్‌ను పార్టీ కాదన్నది ఆమె భావాలు తెలియవని. ఇప్పుడు భావాలు తెలిసినా చాలడం లేదు. మనిషి పట్ల విధేయత కావాలి.

అవతలి ఇంట్లో

డెమొక్రాట్ల ఇల్లు ప్రశాంతంగా ఉందనుకోకండి. వాళ్ల పోరు ఎక్కువగా ఎప్పుడు దిగిపోవాలన్న దాని మీద. 2013 జులైలో ఒబామా, ఎనభై ఏళ్ల గిన్స్‌బర్గ్‌ను భోజనానికి పిలిచారు. సెనేట్ చేతిలో ఉండగా తప్పుకోమని పైకి అనలేదు, అనలేరు కూడా. ఆమె కదల్లేదు. 2020 సెప్టెంబరులో ఆమె పోతే ఆ స్థానం బారెట్‌కు దక్కింది. ఆ దెబ్బ తిన్నాక 2021లో ఉదారవాద సంస్థ డిమాండ్ జస్టిస్, జస్టిస్ బ్రేయర్‌ను దిగిపొమ్మంటూ వాషింగ్టన్ వీధుల్లో బోర్డు కట్టిన ట్రక్కును తిప్పింది. పొమ్మనలేక పొగబెట్టడం అనే కాలం కూడా పోయింది, మొహం మీదే పొమ్మన్నారు. మరుసటి జనవరిలో ఆయన తప్పుకుంటానన్నారు, కెటాంజీ బ్రౌన్ జాక్సన్ వచ్చారు.

బారెట్ విచారణ చివరి రోజు, 2020 అక్టోబరు 15న, కమిటీలో డెమొక్రాట్ల నాయకురాలు డయాన్ ఫైన్‌స్టైన్, రిపబ్లికన్ అధ్యక్షుడు గ్రాహంకు విచారణ బాగా నడిపారని కృతజ్ఞతలు చెప్పి, కరోనా రోజుల్లో మాస్కు లేకుండానే ఆయన్ను కౌగిలించుకున్నారు. సొంత పార్టీకి ఆ కౌగిలి గ్రాహం మాటలన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది. నెల తిరిగేసరికి ఆ పదవి వదులుకుంటున్నట్టు ఆమె ప్రకటించారు. సెనేట్‌లో ముప్పై ఏళ్లకు చేరువవుతున్న మనిషి పాత మర్యాద పాటించినందుకు కట్టిన వెల అది.

చివరిది అన్నిటికన్నా ఖరీదైనది. 2023 నవంబరులో బైడెన్, కరాచీలో పెరిగి ఆక్స్‌ఫర్డ్, హార్వర్డ్‌లలో చదివిన అదీల్ మాంగీని మూడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టుకు ప్రతిపాదించారు. నెగ్గితే అమెరికా అప్పీళ్ల కోర్టుల్లో తొలి ముస్లిం జడ్జి ఆయనే. విచారణలో రిపబ్లికన్లు హమాస్ గురించి, సెప్టెంబరు 11 దాడుల గురించి అడిగారు. వాళ్లు అడగడంలో వింతేమీ లేదు. సెనేట్‌లో మెజారిటీ డెమొక్రాట్లది, 51–49. రిపబ్లికన్లు ఒక్కరూ రాకపోయినా పనైపోవాలి. నెవాడా సెనేటర్లు కార్టెజ్ మాస్టో, రోజెన్, వెస్ట్ వర్జీనియాకు చెందిన మాంచిన్ తమవాడికి ఓటు వేయబోమన్నారు. ఏడాదికి పైగా ఆ పేరు బల్ల మీదే పడి ఉంది. 2024 నవంబరులో రిపబ్లికన్లతో కుదిరిన ఒప్పందంలో మాంగీ సహా నలుగురు అప్పీళ్ల కోర్టు అభ్యర్థులను వదిలేసి, జిల్లా జడ్జీలను గట్టెక్కించుకున్నారు. మాంగీ బైడెన్‌కు ఘాటుగా లేఖ రాశారు.

2025 జులై 29న సెనేట్ ఆ కుర్చీని నింపింది. జడ్జి జోసెఫ్ గ్రీనవే ఖాళీ చేసిన, మాంగీకి దక్కకుండా పోయిన అదే కుర్చీ. 50–49 ఓట్లతో అందులో కూర్చున్నది న్యూయార్క్ క్రిమినల్ కేసులో ట్రంప్ తరఫున వాదించిన లాయరు ఎమిల్ బోవ్. అప్పటికి వయసు 44. పదవి జీవితకాలం.